ఇతరములు

గుణుపురం బడిలో సైకిల్ స్టాండు పక్క గది.
ఆరు బీరువాలు, ఒకదానికి తలుపు లేదు.
మార్చి దాకా నేనిక్కడ నేర్చుకునే మనిషిని.
బరంపురం నుంచి కాగితం వస్తే
అప్పుడు లైబ్రేరియన్ని.

ఇన్నాళ్లూ ఈ గదికి జ్ఞాపకమంటే
అటెండరు దండాసి బాబాయి.
పుస్తకాన్ని పేరుతో కాదు, బరువుతో గుర్తుపడతాడు.
"ఆ నక్క బొమ్మదా? చెద తిన్నాక తేలికైపోనాది,
కింద అరలో ఎడం పక్క సూడు."
చూస్తే అక్కడే ఉంటుంది.

నాకు ఒక కంప్యూటరు ఇచ్చారు,
ఒక పాస్‌వర్డు, ముప్పై ఒక్క వీడియో పాఠాలు.
భువనేశ్వర్ అమ్మాయి ఇంగ్లీషూ ఒడియా కలిపి చెబుతుంది,
నేను తెలుగులో రాసుకుంటాను,
ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ విని.
ఇక్కడ నొక్కు. ఇది ఎంచు. భద్రపరచు.
ఫోన్‌లో విని పోపు వేయడం నేర్చుకున్నట్టుంది,
వాసన ఒక్కటీ తెలియదు.

మొదటిరోజు పదకొండు పుస్తకాలు ఎక్కించాను.
రెండోరోజు కరెంటు పోయింది, తొమ్మిది మాయం.
బాబాయి నవ్వలేదు.
"నా బుర్రకి కరెంటు అక్కర్లేదమ్మా" అని
టీ తెచ్చిపెట్టాడు.
వంశధార మీంచి గాలి గట్టిగా వీస్తే
నెట్టు కూడా ఊగుతుంది ఇక్కడ.

అసలు చిక్కు భాష అనే గడిలో.
బాణం గుర్తు నొక్కితే జారే జాబితా:
ఒడియా, ఇంగ్లీషు, హిందీ, సంస్కృతం,
చిట్టచివర ఇతరములు.
నేను కోపమొస్తే తిట్టే భాష, అప్పు అడిగే భాష,
సంతలో పసుపు బేరమాడే భాష
ఆ మాటలో ముడుచుకుని పడుకుంది.
దాని పక్కనే సవర వాచకాలు పద్నాలుగు.
ఇరుకు బెంచీ మీద ఇద్దరం.

నొక్కాను. ఒక్కసారి కాదు,
రెండు వందల ముప్పై సార్లు నొక్కాను.
పని జరగాలి కదా.

సలోమీ గొమాంగో, ఎనిమిదో తరగతి,
అన్నం పళ్లెం కడిగిన తడిచేతుల్ని
గౌనుకు తుడుచుకుంటూ వచ్చింది.
"వెతికే చోట మా మాట కొట్టొచ్చా?"
కొట్టమన్నాను.
ఒడియా అక్షరాలతో వాళ్ల మాటేదో కొట్టింది.
నక్క అని తర్వాత చెప్పింది.
సున్నా ఫలితాలు.
ఇంకోలా కొట్టింది. సున్నా.
"దీనికి మేం తెలీదు" అంది,
బాధగా కాదు, ఇవాళ వాన లేదన్నట్టు.

ఆ సాయంత్రం ఇరవై మూడో పాఠం మళ్లీ పెట్టాను.
ఆ అమ్మాయి గబగబా దాటేసిన చోట
చిన్న చక్రం గుర్తు ఒకటుంది.
లోపలికి వెళ్తే జాబితాను మార్చుకోవచ్చట!
ఇన్నాళ్లూ తాళంచెవి నా కొంగునే ఉంది,
తలుపెక్కడో తెలీక తిరిగాను.

తెలుగు అని చేర్చాను.
సవర అని మూడు లిపుల్లో చేర్చాను.
నాలుగోది వాళ్ల సొంత లిపి,
సలోమీ వాళ్ల అన్న ఫోన్‌లోంచి తెచ్చి అతికించాం.
తెర మీద వరసగా ఖాళీ డబ్బాలు.
పాఢీ మాస్టారు చూసి "ఈ చెత్తెందుకు, తీసెయ్" అన్నారు.
తీయలేదు.
డబ్బాల్లో అక్షరాలున్నాయి,
కంప్యూటరుకే కళ్లజోడు లేదు.

ఇప్పుడు ఆ రెండు వందల ముప్పై తెరిచి దిద్దాలి.
రోజుకు పదిహేను, కరెంటు దయ.
వివరణ అనే గడి ఒకటుంది, ఎవరూ నింపరు.
బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని
చెప్పింది చెప్పినట్టు కొడుతున్నాను:
నక్క బొమ్మది. చెద తిన్నాది. కింద అర.
చింతపండు మరక, పదకొండో పేజీ,
ఆ గుంటని తిట్టొద్దు.
పక్కనే సలోమీ మాట కూడా.
జూన్‌లో ఆయన రిటైరు.

నిన్న సలోమీ వచ్చి మళ్లీ అదే మాట కొట్టింది.
ఒక ఫలితం.
బాబాయి తెర దగ్గరికి వంగి,
కళ్లు చికిలించి, చాలాసేపు చూసి,
"బరువెంతో రాయలేదేటమ్మా?" అన్నాడు.